ఆయనకు 12, నాకు 168: ఎస్‌హెచ్‌బీజీ రిపోర్టు ఎలా చదవాలి?

ప్రశ్న:

డాక్టర్ గారూ, నాకు 31 ఏళ్లు, మావారికి 36. వచ్చే ఏడాదికల్లా బిడ్డ కావాలనుకుంటున్నాం. ఆయనకు ఆరేడు నెలలుగా ఒకటే నీరసం. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్లు మూతలు పడుతున్నాయంటారు. రాత్రి గురక బాగా పెడతారు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. కోరిక విషయంలో మాత్రం తేడా ఏమీ లేదు. రక్త పరీక్ష చేయిస్తే మొత్తం టెస్టోస్టెరాన్ 262 నానోగ్రాములు, ఎస్‌హెచ్‌బీజీ 12 నానోమోల్స్ వచ్చాయి. రెండింటి పక్కనా ‘తక్కువ’ అని గుర్తు పెట్టారు. జిమ్‌లో స్నేహితుడు ఒకాయన టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టమన్నాడట. ఈయన కూడా సిద్ధమైపోయారు.

అదే రోజు నేనూ చేయించుకున్నాను. నాకు మొదటి నుంచీ నెలసరి సరిగా వచ్చేది కాదు. గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు ఉండేవి. మూడేళ్లు గర్భనిరోధక మాత్రలు వాడి, పరీక్షకు ఐదు వారాల ముందు ఆపేశాను. ఆపగానే ఒకసారి నెలసరి వచ్చింది, తర్వాత ఇంతవరకు రాలేదు. నా టెస్టోస్టెరాన్ 42, ఎస్‌హెచ్‌బీజీ 168. అది ఎక్కువని ఎర్ర అక్షరాల్లో వేశారు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను. ఇద్దరం మధ్యాహ్నం భోజనం అయ్యాక వెళ్లి శాంపిల్ ఇచ్చాం. ఆయనకేమో తక్కువ, నాకేమో ఎక్కువ. దీనివల్ల పిల్లలు పుట్టరా? ఎస్‌హెచ్‌బీజీని సరిచేసే మందు ఉందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు:

ముందు రెండు మాటలు చెప్పేస్తాను, మిగతాది నిదానంగా చదువుకోండి. మీవారు ఈ రిపోర్టు చూసుకుని ఇంజెక్షన్ వేయించుకోకూడదు. స్నేహితుడు ఎంత మంచి మనసుతో చెప్పినా సరే, ఆ పని ఆపించండి. మీరు రేపు పొద్దున్నే గర్భ పరీక్ష చేసుకోండి. మాత్రలు ఆపేశారు, నెలసరి రాలేదు, బిడ్డ కావాలనుకుంటున్నారు. ఇన్ని ఉన్నప్పుడు హార్మోన్ల లెక్కల కంటే ముందు తేల్చుకోవాల్సింది అదే. గర్భం నిలిస్తే ఎస్‌హెచ్‌బీజీ, అంటే రక్తంలో సెక్స్ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్, దానంతట అదే పెరుగుతూ పోతుంది. నెలలు నిండేసరికి మామూలు కంటే 5 నుంచి 10 రెట్లు అవుతుంది.

పిల్లలు పుట్టరా అని అడిగారు. ఎస్‌హెచ్‌బీజీ 12 ఉన్నందువల్ల గానీ, 168 ఉన్నందువల్ల గానీ పిల్లలు పుట్టకుండా పోరు. ఈ అంకె దానంతట అది ఒక జబ్బు కాదు. మిగతా హార్మోన్ల అంకెలను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేది ఇది. దానితోపాటు మన లివర్ ఎలా ఉందో, ఒంట్లో ఇన్సులిన్ ఎలా పనిచేస్తోందో కూడా కొంత చూపిస్తుంది. మీ ఇద్దరి రిపోర్టుల్లోనూ అసలు సంగతి అక్కడే ఉంది.

పూర్తి పేరు సెక్స్ హార్మోన్ బైండింగ్ గ్లోబ్యులిన్. లివర్ తయారుచేసి రక్తంలోకి వదిలే ఒక ప్రొటీన్. టెస్టోస్టెరాన్‌ను, దాని నుంచి తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టెరాన్‌ను, ఈస్ట్రడయాల్ అనే ఆడ హార్మోన్‌ను పట్టుకుని ఉంచుకోవడం దీని పని. మూడింట్లో డైహైడ్రోటెస్టోస్టెరాన్‌ను అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటుంది, తర్వాత టెస్టోస్టెరాన్‌ను, ఈస్ట్రడయాల్‌ను కొంచెం వదులుగా.

డబ్బుతో పోల్చి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మన డబ్బంతా ఒకచోట ఉండదు కదా. కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, మనదే అయినా అప్పటికప్పుడు ఖర్చుకు రాదు. కొంత సేవింగ్స్ ఖాతాలో ఉంటుంది, కావాలంటే తీసుకోవచ్చు. కొంచెం జేబులో ఉంటుంది. రక్తంలో టెస్టోస్టెరాన్ కూడా అలాగే మూడు చోట్ల ఉంటుంది. ఎస్‌హెచ్‌బీజీ పట్టుకున్నది డిపాజిట్ లాంటిది. అల్బుమిన్ అనే ఇంకో ప్రొటీన్‌కు వదులుగా అంటుకున్నది సేవింగ్స్ లాంటిది. దేనికీ అంటుకోకుండా తిరిగేది జేబులో డబ్బు. దాన్నే ఫ్రీ టెస్టోస్టెరాన్ అంటారు. మగవారిలో ఇది మొత్తంలో 2 శాతం అటూ ఇటూగా ఉంటుంది, ఆడవారిలో 1 శాతం దగ్గర. కణాల్లోకి వెళ్లి పనిచేయడానికి ముఖ్యంగా అందుబాటులో ఉండేది ఈ కాస్తే. ఇప్పుడు మీవారి రిపోర్టులోని 262 మొత్తం ఆస్తి లెక్క. జేబులో ఎంత ఉందో ఆ అంకె చెప్పదు. అది తెలియాలంటే డిపాజిట్ ఎంతో తెలియాలి. ఎస్‌హెచ్‌బీజీ పరీక్ష చేయించేది అందుకే.

కొన్ని ల్యాబుల్లో ‘ఫ్రీ టెస్టోస్టెరాన్’ అని నేరుగా ఒక పరీక్ష చేస్తారు. ఇలాంటి పరీక్షల్లో ఎక్కువగా వాడే చవక పద్ధతిని నేను నమ్మను. ఎస్‌హెచ్‌బీజీ బాగా తక్కువగానో ఎక్కువగానో ఉన్నవాళ్లలో, అంటే సరిగ్గా ఈ పరీక్ష అవసరమయ్యేవాళ్లలోనే అది తప్పుదోవ పట్టిస్తుంది. ఈక్విలిబ్రియమ్ డయాలిసిస్ అనే పద్ధతి నమ్మదగినది, కానీ అన్నిచోట్లా దొరకదు. అందుకని మొత్తం టెస్టోస్టెరాన్, ఎస్‌హెచ్‌బీజీ, అల్బుమిన్ మూడూ కొలిచి, లెక్కగట్టి ఫ్రీ టెస్టోస్టెరాన్ రాబడతాం. వెర్మ్యూలెన్ బృందం 1999లో ప్రచురించిన సూత్రం ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది.

మీవారి అంకెలు అందులో పెట్టి చూశాను. అల్బుమిన్ రిపోర్టులో లేదు కాబట్టి మామూలుగా తీసుకునే 4.3 గ్రాములే వేసుకున్నాను. ఫ్రీ టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు దాదాపు 8 నానోగ్రాములు వచ్చింది. మొత్తంలో అది 3 శాతం. యూరప్ యూరాలజీ నిపుణులు గీత గీసేది లీటరుకు 225 పికోమోల్స్ దగ్గర, అంటే డెసిలీటరుకు 6.5 నానోగ్రాముల దగ్గర. మీవారు ఆ గీతకు పైనే ఉన్నారు. డిపాజిట్ చిన్నది కాబట్టి మొత్తం ఆస్తి తక్కువగా కనిపిస్తోంది, జేబు మాత్రం ఖాళీగా లేదు.

ఇదే 262 ఇంకొకరికి వచ్చి, ఆయన ఎస్‌హెచ్‌బీజీ 60 ఉందనుకుందాం. అదే సూత్రంతో ఫ్రీ టెస్టోస్టెరాన్ 3.4కి పడిపోతుంది. ఇద్దరి రిపోర్టుల్లోనూ మొదటి అంకె ఒకటే, కానీ రెండో ఆయనకు అందుబాటులో ఉన్నది మీవారిదాంట్లో సగం కూడా లేదు. రెండో ఆయన విషయంలో నేను నిజంగానే వృషణాల పనితీరు, పిట్యూటరీ గ్రంథి పనితీరు వెతుకుతాను. మొత్తం టెస్టోస్టెరాన్ ఒక్కటే చూసి చికిత్స మొదలుపెట్టకూడదని పట్టుబట్టేది ఇందుకే.

ఆ 262ని కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. మీరు భోజనం చేసి మధ్యాహ్నం వెళ్లారు. మగవారిలో టెస్టోస్టెరాన్ ఉదయం ఎక్కువగా ఉండి, పొద్దు గడిచేకొద్దీ తగ్గుతుంది. తిన్నాక ఇంకా తగ్గుతుంది. గ్లూకోజ్ తాగించి చూసినప్పుడు పావు వంతు దాకా పడిపోవడం గమనించారు. అందుకని ఈ పరీక్షకు ఉదయం 7 నుంచి 10 గంటల లోపు, పరగడుపున రక్తం ఇవ్వాలి. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేసి చూడాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనో, రాత్రంతా నిద్ర లేకుండానో వెళ్లకూడదు. ఎస్‌హెచ్‌బీజీకి ఇంత హెచ్చుతగ్గులు ఉండవు కాబట్టి ఆ 12 చాలావరకు నిజమే అయి ఉండాలి. ఇంకో మాట. యూరప్, అమెరికాల్లోని నాలుగు పెద్ద అధ్యయనాలను కలిపి 2017లో ఊబకాయం లేని 19 నుంచి 39 ఏళ్ల ఆరోగ్యవంతులకు ఇచ్చిన పరిధి 264 నుంచి 916. మీవారి అంకె ఆ అంచుకు రెండే రెండు నానోగ్రాములు కింద ఉంది, అదీ భోజనం తర్వాత, మధ్యాహ్నం పూట.

లక్షణాలు కూడా చూడాలి. 40 నుంచి 79 ఏళ్ల మగవారిపై యూరప్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. వయసుతో వచ్చే టెస్టోస్టెరాన్ లోపాన్ని నిర్ధారించాలంటే తక్కువ అంకెలతో పాటు మూడు లైంగిక లక్షణాలు ఉండాలని వాళ్లు తేల్చారు. కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం, పొద్దున్నే సహజంగా వచ్చే స్తంభన తగ్గిపోవడం. ఉత్త నీరసానికి ఇన్ని కారణాలున్నాయి కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని వాళ్లు తీర్పు చెప్పలేదు. మీవారికి కోరికలో తేడా లేదని మీరే రాశారు. ఆ ఒక్క వాక్యం నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

మరి ఎస్‌హెచ్‌బీజీ 12కి ఎందుకు పడిపోయింది? నా దృష్టి అంతా దీనిమీదే ఉంది, మీరూ దీన్నే పట్టించుకోవాలి. ఆయన ఎత్తుకు 98 కిలోలంటే బీఎంఐ 33. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచేయదు, ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, లివర్‌లో కూడా కొవ్వు చేరుతుంది. ఆ స్థితిలో లివర్ ఎస్‌హెచ్‌బీజీ తయారీని తగ్గించేస్తుంది. ఇన్సులిన్ ఒక్కటే దీన్ని అణచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2007లో ప్రచురితమైన ప్రయోగాలు, ఎలుకల్లోనూ లివర్ కణాల్లోనూ చేసినవి, ఇంకొంచెం లోతుకు వెళ్లాయి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎక్కువై లివర్ వాటిని కొవ్వుగా మారుస్తున్నప్పుడు, ఎస్‌హెచ్‌బీజీ జన్యువును నడిపించే ఒక ముఖ్యమైన ప్రొటీన్ తగ్గిపోతుందని వాటిలో తేలింది. అంటే లివర్ కొవ్వు తయారీలో పడినప్పుడు ఈ పని పక్కకు పోతుందన్నమాట.

అందుకే తక్కువ ఎస్‌హెచ్‌బీజీని నేను షుగర్ గురించిన ముందస్తు కబురుగా చూస్తాను. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఎస్‌హెచ్‌బీజీ తక్కువగా ఉన్న స్త్రీలకూ పురుషులకూ తర్వాతి ఏళ్లలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం బాగా ఎక్కువగా కనిపించింది. ఎస్‌హెచ్‌బీజీ సహజంగా ఎక్కువ ఉండేలా చేసే జన్యు తేడాలున్నవారిలో ఆ ముప్పు తక్కువగా ఉంది. మీవారికి షుగర్ వచ్చేస్తుందని దీని అర్థం కాదు. కానీ వెతకాల్సింది అటువైపే. పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), కొలెస్ట్రాల్ పరీక్షలు, లివర్ పరీక్షలు చేయించండి. అవి బాగాలేకపోతే పొట్ట అల్ట్రాసౌండ్ కూడా అవసరం కావచ్చు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష తప్పకుండా చూడాలి, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది, నీరసమూ వస్తుంది. మూత్రంలో ప్రొటీన్ బాగా పోయే కిడ్నీ జబ్బుల్లో, స్టెరాయిడ్ మందులు వాడుతున్నప్పుడు కూడా ఇది తగ్గుతుంది. అల్బుమిన్ కూడా అడిగి చేయించండి, నేను వేసిన లెక్క అప్పుడు కచ్చితంగా తేలుతుంది.

ఇంకో ప్రశ్న ఉంది, దీన్ని మీరిద్దరే ఉన్నప్పుడు, తప్పు పట్టే గొంతుతో కాకుండా అడగండి. జిమ్‌లో ఎవరైనా ఇచ్చిన పొడులు, మాత్రలు, ఇంజెక్షన్లు ఆయన ఇప్పటికే ఏమైనా వాడారా? కండలు పెంచే స్టెరాయిడ్లు ఎస్‌హెచ్‌బీజీని బాగా కిందికి లాగేస్తాయి. వాటిని ఆపేసిన తర్వాత సొంత టెస్టోస్టెరాన్ కూడా కొంతకాలం తక్కువగానే ఉంటుంది. డబ్బా మీద రాయని మందులు కలిపే ఉత్పత్తులూ ఉన్నాయి. ఆయన అవునంటే కోప్పడకండి, డాక్టరుకు మాత్రం దాచకుండా చెప్పించండి. లేకపోతే ఎన్ని పరీక్షలు చేసినా అసలు కారణం దొరకదు.

గురక, పగటి నిద్ర రెండూ ఉన్నాయని రాశారు. నిద్రలో శ్వాస ఆగి ఆగి తీసుకోవడం మీరు గమనించారా? స్లీప్ యాప్నియా అనే ఈ సమస్య ఉంటే ఎనిమిది గంటలు పడుకున్నా అలసట తీరదు. అది టెస్టోస్టెరాన్‌నూ తగ్గిస్తుంది. ఆయన నీరసానికి నేను మొదట అనుమానించేది దీన్నే. నిద్ర పరీక్ష రాయమని అడగండి. పైగా ఈ సమస్యకు చికిత్స లేకుండా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇస్తే శ్వాస ఆగడం ఇంకా ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇద్దరి కోరికకూ అది నేరుగా అడ్డు తగులుతుంది. మెదడులోని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపి వృషణాలతో పని చేయిస్తుంది. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వస్తే, ఒంట్లో కావలసినంత ఉందని మెదడు అనుకుని ఆ రెండింటినీ ఆపేస్తుంది. అప్పుడు వృషణాలు సొంత టెస్టోస్టెరాన్ తయారీ తగ్గిస్తాయి. వీర్యకణాల తయారీ చాలామందిలో దాదాపుగా ఆగిపోతుంది. ఇది ఎంత కచ్చితమంటే, మగవారికి గర్భనిరోధక సాధనంగా టెస్టోస్టెరాన్‌ను అంతర్జాతీయంగా పరీక్షించి చూశారు. ఆపిన తర్వాత చాలామందిలో 6 నుంచి 12 నెలల్లో వీర్యకణాలు తిరిగి వస్తాయి, కొందరికి రెండేళ్ల దాకా పడుతుంది. ఇలా మంచి జరుగుతుందనుకుని మొదలుపెట్టి, ఏడాది తర్వాత భార్యతో కలిసి సున్నా అని ఉన్న వీర్య పరీక్ష రిపోర్టు పట్టుకుని నా ముందు కూర్చున్నవాళ్లను చూశాను. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు పిల్లల ప్లాన్ ఉందా అని వాళ్లను ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధ. ఇంజెక్షన్ వేసుకుంటే ఎస్‌హెచ్‌బీజీ ఇంకా తగ్గుతుందన్నది కూడా ఆయనకు చెప్పండి.

ఉదయం పరగడుపున మళ్లీ చేసే పరీక్షలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా కలిపించండి. లెక్కగట్టిన ఫ్రీ టెస్టోస్టెరాన్ బాగుండి, ఈ రెండూ మామూలుగా ఉంటే, ఆయన హార్మోన్ల వ్యవస్థ సవ్యంగా ఉన్నట్టే. రెండోసారి కూడా ఫ్రీ టెస్టోస్టెరాన్ తక్కువ వస్తే అప్పుడు ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల నిపుణులను కలవాలి, ప్రొలాక్టిన్ లాంటి ఇతర హార్మోన్లు వాళ్లు చూస్తారు. అలా తేలినా సరే, బిడ్డ కావాలనుకునేవారికి ఇంజెక్షన్ బదులు వృషణాలను పని చేయించే వేరే మందులు ఉన్నాయి. పిల్లల గురించి ఆలోచిస్తున్నారు కాబట్టి వీర్య పరీక్ష ఒకటి ఇప్పుడే చేయించినా మంచిదే. ఆయన సంతాన సామర్థ్యం గురించి 262 కంటే అది చాలా సూటిగా చెబుతుంది.

బరువు తగ్గితే ఆయనకు ఎస్‌హెచ్‌బీజీ, మొత్తం టెస్టోస్టెరాన్ రెండూ కలిసి పైకి లేస్తాయి. పది కిలోల దాకా తగ్గగలిగితే రిపోర్టులో మార్పు మీకే కనిపిస్తుంది. తీపి పానీయాలు ముందు మానేయమనండి, పైన చెప్పిన ఫ్రక్టోజ్ ఎక్కువగా వచ్చేది వాటి నుంచే. జిమ్ మానొద్దు. ఆయనకు అది చాలా అవసరం.

ఇక మీ రిపోర్టు. గర్భ పరీక్షలో ఏమీ లేదని తేలిందనుకుని చెబుతున్నాను. 168కి కారణం చాలావరకు మీరు వాడిన మాత్రలే. సాధారణంగా ఇచ్చే గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది. నోటి ద్వారా తీసుకున్న ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా లివర్‌కు చేరి, ఎస్‌హెచ్‌బీజీని ఎక్కువగా తయారు చేయిస్తుంది. రెండు మూడు రెట్లు పెరగడం మామూలే. మాత్రలోని రెండో హార్మోన్ రకాన్ని బట్టి ఇది మారుతుంది. లెవోనోర్జెస్ట్రెల్ ఉన్నవాటిలో తక్కువ పెరుగుతుంది, డ్రోస్పిరినోన్ లాంటివి ఉన్నవాటిలో ఎక్కువ. మీకు మాత్రలు వాడినన్నాళ్లూ మొటిమలు తగ్గి ఉంటాయి. ఆ మేలులో కొంత భాగం ఈ పెరిగిన ఎస్‌హెచ్‌బీజీదే, టెస్టోస్టెరాన్‌ను ఎక్కువగా పట్టి ఉంచింది కాబట్టి.

ఐదు వారాలకు అది పూర్తిగా దిగిపోదు. అందుకే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి సరిగా రాని ఒక సమస్య) గురించి 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, మాత్రలు ఆపి కనీసం మూడు నెలలు గడిచాకే ఈ పరీక్షలు చేయమంటాయి. మీ లక్షణాలు, అంటే సరిగా రాని నెలసరి, గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు చూస్తే పీసీఓఎస్ ఉందేమో చూడాల్సిందే. ఇప్పటి రిపోర్టు మాత్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఉదాహరణకు స్త్రీలలో ఫ్రీ యాండ్రోజన్ ఇండెక్స్ అని ఒకటి చూస్తాం. టెస్టోస్టెరాన్‌ను నానోమోల్స్‌లోకి మార్చి, ఎస్‌హెచ్‌బీజీతో భాగించి, వందతో గుణిస్తే వస్తుంది. మీ 42ను 28.84తో భాగిస్తే 1.46 నానోమోల్స్. దాన్ని 168తో భాగించి వందతో గుణిస్తే 0.87. సాధారణంగా 5 దాటితే మగ హార్మోన్లు ఎక్కువ ఉన్నాయని అనుమానిస్తాం. మీది చాలా తక్కువగా, అంతా బాగున్నట్టు కనిపిస్తోంది. అది మాత్రల ప్రభావంతో వచ్చిన అంకె. మూడు నెలలు దాటాక మీ ఎస్‌హెచ్‌బీజీ 25కి దిగి, టెస్టోస్టెరాన్ అదే 42 ఉంటే ఇండెక్స్ 5.8 అవుతుంది. అప్పుడు కథ మారిపోతుంది. ఈ ఇండెక్స్ మగవారికి పనికిరాదు, మీవారి అంకెలతో వేసి చూసి కంగారుపడకండి.

ఒక విషయానికి ముందే సిద్ధంగా ఉండండి. ఎస్‌హెచ్‌బీజీ తగ్గేకొద్దీ మొటిమలు, గడ్డం కింద వెంట్రుకలు కొన్ని నెలల్లో మళ్లీ కనిపించవచ్చు. మాత్రలు వెనక దాచి ఉంచినది బయటపడుతోందంతే, కొత్తగా ఏదో జబ్బు వచ్చిందనుకోవద్దు. ఆ మూడు నెలలు గర్భం కోసం ప్రయత్నించడం ఆపాల్సిన పని లేదు. ఫోలిక్ యాసిడ్ ఇప్పటికే వేసుకోకపోతే రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున మొదలుపెట్టండి.

మూడు నెలల తర్వాత కూడా 168 అలాగే ఉంటే అప్పుడు వేరే కారణాలు చూడాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, లివర్ జబ్బులు, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపీన్ లాంటి మందులు, బాగా బరువు తగ్గిపోవడం. ఇక్కడే మీ బయోటిన్ మాత్రలు అడ్డం వస్తాయి. ఒంటికి రోజుకు కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉండటం మామూలు, అంటే వందల రెట్లు. చాలా ల్యాబ్ యంత్రాలు పరీక్ష చేసే పద్ధతిలోనే బయోటిన్ వాడతాయి కాబట్టి రక్తంలో అది ఎక్కువ ఉంటే అంకెలు తప్పుతాయి. అలాంటి కిట్లలో ఎస్‌హెచ్‌బీజీ ఉన్నదానికంటే తక్కువగా, టెస్టోస్టెరాన్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. కాబట్టి మీ 168 బయోటిన్ వల్ల పెరిగింది కాదు. కానీ ఎస్‌హెచ్‌బీజీ ఎందుకు పెరిగిందో చూద్దామని థైరాయిడ్ పరీక్ష చేయిస్తే, అదే బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ తక్కువగా, థైరాయిడ్ హార్మోన్లు ఎక్కువగా చూపించి, లేని హైపర్ థైరాయిడ్ ఉన్నట్టు నమ్మిస్తుంది. రెండు తప్పు అంకెలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నట్టు ఉంటుంది. పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు బయోటిన్ ఆపేయండి. రక్తం తీసేవారికీ, డాక్టరుకూ ఆ మాట చెప్పండి.

రిపోర్టు పక్కన వేసే మామూలు పరిధి ల్యాబును బట్టి మారుతుంది. చాలాచోట్ల మగవారికి 15 నుంచి 60, గర్భం లేని ఆడవారికి 20 నుంచి 130 నానోమోల్స్ దరిదాపుల్లో ఉంటుంది. మగవారిలో వయసుతో పాటు ఎస్‌హెచ్‌బీజీ మెల్లగా పెరుగుతూ పోతుంది. అందుకని 70 ఏళ్ల ఆయనకు 55 పెద్ద విశేషం కాదు, 25 ఏళ్ల కుర్రాడికి అదే 55 వస్తే ఎందుకని ఆలోచిస్తాను. రెండోసారి పరీక్ష కూడా మొదటి ల్యాబులోనే చేయించుకుంటే పోల్చి చూడటం తేలిక.

ఎస్‌హెచ్‌బీజీని పెంచే, తగ్గించే మందు అడిగారు. ఆ ఒక్క అంకెను సరిచేయడానికి మందు వాడే అవసరం ఎవరికీ లేదు. పెంచుతామనీ దించుతామనీ అమ్మే సప్లిమెంట్లు కొనకండి. మీవారి విషయంలో లివర్‌లో కొవ్వు, బరువు తగ్గితే అది పెరుగుతుంది. మీ విషయంలో వారాలు గడిస్తే దిగుతుంది.

మాత్రలు ఆపిన తేదీ ఒకచోట రాసి పెట్టుకోండి, దానికి మూడు నెలలు కలిపిన తేదీ కూడా పక్కనే రాయండి. ఈలోపు నెలసరి వస్తే దాని మొదటి రోజు కూడా. రేపటి గర్భ పరీక్షలో రెండు గీతలు కనిపిస్తే మాత్రం మీకోసం రాసిన ఈ మూడు నెలల లెక్క పక్కన పెట్టి స్త్రీ వైద్య నిపుణురాలిని కలవండి. మీవారి పరీక్షలు, నిద్ర పరీక్షతో సహా, అప్పుడు కూడా ఆపొద్దు.